పని ఆమెది, పేరు ఎవరిది?

(విజయవాడ బెంజ్ సర్కిల్ సమీపంలో ముస్లిం మహిళల స్వయం ఉపాధిపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



“మహిళలు వ్యాపార రంగంలోకి రావడానికి ప్రేరణ ఏమిటి?” అన్న అంశంపై మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. ఈ ప్రశ్నకు సాధారణంగా ఒక మహనీయుని పేరో, ఒక పుస్తకం పేరో సమాధానంగా ఆశిస్తాం. కానీ వ్యాపారంలో నిలదొక్కుకున్న మహిళల చరిత్రను పరిశీలిస్తే, వారిని ముందుకు నడిపించినవి చాలావరకు సామాన్యమైన విషయాలేనని తెలుస్తుంది. ఇంటి అవసరం, చేతిలో ఉన్న విద్య, తోటివారు చూపిన నమ్మకం, తమకు జరుగుతున్న అన్యాయంపై ఆగ్రహం. ఈ నాలుగూ మన సమాజంలోని మహిళలకు కొరతగా లేవు. కొరత మరొకచోట ఉంది. ఆ కొరత గురించే ఈ రోజు ప్రధానంగా మనవి చేయదలచుకున్నాను.

మనం సమావేశమైన ఈ ప్రాంతాన్నే చూడండి. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే జాతీయ రహదారి, హైదరాబాద్ నుంచి మచిలీపట్నం వెళ్లే జాతీయ రహదారి కలుసుకునే కూడలి ఇది. బందరు రోడ్డు పొడవునా, బీసెంట్ రోడ్డులో, వన్‌టౌన్ వస్త్రలతలో బట్టల వ్యాపారం కళకళలాడుతూ ఉంటుంది. అద్దాల వెనుక అలంకరించిన జాకెట్టు మీద మగ్గం వర్క్ చేసిన చేతులు ఎవరివి? చీరకు ఫాల్ కుట్టి, కొంగుకు కుచ్చులు వేసినది ఎవరు? వించిపేటలోనో, భవానీపురంలోనో, సింగ్‌నగర్‌లోనో ఇంటి పనులు ముగించుకుని, ముందుగదిలో మిషను ముందు కూర్చున్న ఒక సోదరి. రంజాన్ మాసంలో సేమియా, వేసవిలో పచ్చళ్లు, పెళ్లిళ్ల కాలంలో దుస్తులు తయారయ్యేది ఆమె చేతుల మీదుగానే. అయినా “మీ ఇంట్లో ఆడవారు ఏం చేస్తారు?” అని అధికారి అడిగితే, “ఏమీ చేయరండీ, ఇంట్లోనే ఉంటారు” అని మనం చెబుతాం. ఆమెను అడిగినా అదే చెబుతుంది. పని జరుగుతోంది, సంపాదన వస్తోంది, దానికి పేరు మాత్రం లేదు.

ఇది కేవలం మన ఊహ కాదు. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదిక ఈ వాస్తవాన్ని అంకెలతో సహా దేశం ముందుంచింది. శ్రామికులైన ముస్లిం మహిళలలో 73 శాతం స్వయం ఉపాధిపై ఆధారపడినవారే. హిందూ మహిళలలో ఈ సంఖ్య 60 శాతం. ముస్లిం మహిళా శ్రామికులలో 70 శాతం తమ ఇంటి ఆవరణలోనే పని చేస్తున్నారు. అన్ని వర్గాల మహిళలను కలిపి చూస్తే అది 51 శాతమే. అంటే స్వశక్తితో జీవించడం మన మహిళలకు కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. వారు తరతరాలుగా అదే చేస్తున్నారు. ముస్లింలకు బ్యాంకు రుణాలు వారి జనాభాకు తగినంతగా అందడం లేదని కూడా అదే నివేదిక స్పష్టం చేసింది.

2013లో జరిగిన ఆరవ ఆర్థిక గణన ప్రకారం దేశంలోని వ్యాపార సంస్థలలో 13.76 శాతం మహిళల యాజమాన్యంలో ఉన్నాయి. వాటి సంఖ్యలో తమిళనాడు, కేరళల తరువాత మూడో స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. మహిళల సంస్థలలో దాదాపు 79 శాతం సొంత డబ్బుతోనే నడుస్తున్నాయని ఆ గణన తేల్చింది. బ్యాంకు ఇవ్వలేదు, ప్రభుత్వం ఇవ్వలేదు. గాజులు అమ్మో, చీటీ పాడో, పొదుపు చేసిన రూపాయి రూపాయి కూడబెట్టో పెట్టుబడి తెచ్చుకున్నారు. ఇంత పట్టుదల ఉన్నవారికి ప్రేరణ గురించి మనం ఉపన్యాసం ఇవ్వవలసిన అవసరం ఉందా?

సోదరీమణులారా! మన చరిత్రలో మహిళా వ్యాపారి అనగానే విశ్వాసుల మాత హజ్రత్ ఖదీజా (రజి) గుర్తుకు వస్తారు. ఆమె మక్కా నగరంలో పేరొందిన వర్తకురాలు. ఆమె సరుకులతో వర్తక బిడారులు సిరియా దాకా వెళ్లేవి. దైవప్రవక్త (సల్లం) దౌత్యానికి పూర్వం ఆమె సరుకును తీసుకుని సిరియాకు వెళ్లి వచ్చిన సంగతి మనందరికీ తెలుసు. ఈ సంఘటనను మనం వివాహానికి ముందుమాటగా మాత్రమే చెప్పుకుంటాం. వ్యాపార దృష్టితో కూడా ఒకసారి చూడండి. పెట్టుబడి ఆమెది. ప్రతినిధి ఎవరన్నది ఆమె నిర్ణయం. ప్రతిఫలం ఎంతన్నది ఆమె ఒప్పందం. వెంట పంపిన సేవకుడు మైసరా ద్వారా ప్రయాణంలో ఏం జరిగిందో తెలుసుకున్నది ఆమే. ఆ బిడారు మక్కాకు తిరిగి వచ్చినప్పుడు అది ఖదీజా సరుకు అని అందరికీ తెలుసు. మరొక విశ్వాసుల మాత హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) స్వయంగా తోళ్లు పదును చేసి, కుట్టి, వచ్చినదానిని దానధర్మాలకు వెచ్చించేవారు. ఒకరు పెద్ద వర్తకురాలు, మరొకరు చేతిపనివారు. ఇద్దరి సంపాదన మీదా అధికారం వారిదే.

స్త్రీ సంపాదించినది స్త్రీకే చెందుతుందన్న భావం దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరాలో స్పష్టంగా ఉంది. మహర్ ఆమె సొంతమని, తల్లిదండ్రుల ఆస్తిలో ఆమెకు వాటా ఉందని అదే సూరా నిర్దేశిస్తుంది. ఇంగ్లండులో వివాహిత స్త్రీకి తన ఆస్తి మీద పూర్తి హక్కు 1882 చట్టంతో గాని రాలేదని మనం సభలలో గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవడం మంచిదే. కానీ ఈ సభలో ఉన్న సోదరులను ఒక్కమాట అడగనివ్వండి. మీ సతీమణికి మీరు చెల్లించిన మహర్ ఎంత? అది ఆమె చేతికి అందిందా, నికాహ్‌నామాలో అంకెగానే మిగిలిపోయిందా? మీ సోదరికి తండ్రి ఇంటిలో రావలసిన వాటా ఇచ్చారా, “పెళ్లి ఖర్చుతో సరిపోయింది” అని లెక్క ముగించారా? హక్కు గ్రంథంలో ఉన్నంత మాత్రాన అది పెట్టుబడి కాదు. చేతికి అందినప్పుడే అవుతుంది.

ఇక మన కాలానికి వద్దాం. మూడు ఉదాహరణలు మనవి చేస్తాను.

మొదటిది మన రాష్ట్రంలోనిదే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన మహిళలు, వాచకంలోని ఒక పాఠంలో సారా వల్ల ఛిద్రమైన కుటుంబం గురించి చదివి, అది తమ కథేనని గుర్తించారు. 1992లో రోశమ్మ వంటి సామాన్య మహిళల నాయకత్వంలో సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఆ తరువాత జరిగినదే మన అంశానికి ముఖ్యం. సారా దుకాణానికి పోయే డబ్బును ఇంట్లో నిలుపుకున్న ఆ మహిళలు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు చేయడం ప్రారంభించారు. ‘పొదుపులక్ష్మి’ పేరిట మొదలైన ఆ సంఘాలు రాష్ట్రంలో నేడు మనం చూస్తున్న డ్వాక్రా సంఘాల విస్తరణకు ఊపిరి పోశాయి. గేదెలు, కిరాణా కొట్లు, కుట్టు మిషన్లు ఆ రూపాయల నుంచే వచ్చాయి. వారికి ప్రేరణ లాభం మీద ఆశ కాదు, ఇల్లు నిలబడాలన్న తపన.

రెండవది ముంబైలోనిది. 1959 మార్చి 15న గిర్గాంలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు చేయడం మొదలుపెట్టారు. మొదటి రోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. అదే నేటి లిజ్జత్ పాపడ్ సంస్థ. ఇప్పుడు అందులో 40 వేలకు పైగా మహిళలు ఉన్నారు. ఆ ఏడుగురికి తెలిసిన విద్య అప్పడాలు ఒత్తడమే. చేతిలో ఉన్నది మధ్యాహ్నపు తీరిక. అయితే వారు ఒక నియమం పెట్టుకున్నారు. సంస్థలో పనిచేసే ప్రతి సోదరీ యజమానురాలే. లాభం వచ్చినా నష్టం వచ్చినా అందరూ పంచుకోవాలి. లాభనష్టాలలో భాగస్వామ్యం అన్నది మన ధర్మశాస్త్రానికీ బాగా పరిచయమున్న సూత్రమేనని వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవది అహమ్మదాబాదులోనిది. ఇలా భట్ గారు 1972లో స్థాపించిన ‘సేవ’ సంఘం గురించి మీరు వినే ఉంటారు. బ్యాంకులు తమను గుమ్మం ఎక్కనివ్వకపోవడంతో 1974లో నాలుగు వేల మంది పేద మహిళలు తలా పది రూపాయలు వేసుకుని సొంత బ్యాంకునే స్థాపించుకున్నారు. సంతకం చేయడం రానివారికి ఫొటోతో కూడిన పాసు పుస్తకం ఇచ్చారు. ఆ నగరంలోని దరియాపూర్‌లో మిల్లుల నుంచి వచ్చే గుడ్డ పీలికలను అతికి బొంతలకు గలీబులు కుట్టే ముస్లిం మహిళలు ఉండేవారు. పీలికలిచ్చేదీ వర్తకుడే, కుట్టినది కొనేదీ వర్తకుడే, రేటు నిర్ణయించేదీ వర్తకుడే. కూలి పెంచమన్నవారికి పని ఆపేశారు. అప్పుడు ఆ మహిళలు సంఘం సాయంతో మిల్లుల నుంచి నేరుగా పీలికలు తెచ్చుకుని, సొంత సహకార సంఘం ఏర్పరచుకుని, సరుకును తామే అమ్ముకున్నారు. పరదా పాటించే కుటుంబాల నుంచి వచ్చిన మహిళలు ఈ పని చేసి చూపారని గమనించండి. వారిని కదిలించినది అన్యాయపు కూలి.

మన హైదరాబాదులో ‘సఫా’ సంస్థ ఆధ్వర్యంలో ‘లుక్మా’ పేరిట పాతబస్తీ ప్రాంతపు మహిళలు తమ ఇంటి వంటలను మార్కెట్టుకు తెచ్చిన ప్రయత్నం కూడా ఇదే కోవలోనిది. తల్లి నేర్పిన వంట వారికి పెట్టుబడి అయింది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా మన పక్కనే ఉంది. గోదావరి డెల్టాలోని నర్సాపురం లేసు అల్లికలు ప్రపంచ ప్రసిద్ధం. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ ఆ మహిళలపై చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. రోజంతా అల్లే ఆ మహిళలను అందరూ గృహిణులుగానే లెక్కవేశారు. అల్లికను తీరిక వేళల కాలక్షేపమన్నారు. ఎగుమతి వ్యాపారం, దాని లాభం పురుషుల చేతిలో ఉండిపోయాయి. నైపుణ్యంలో దరియాపూర్ మహిళల కన్నా నర్సాపురం మహిళలు ఏమాత్రం తక్కువ కాదు. తేడా ఒక్కటే. అక్కడ పని చేసినవారు సంఘటితమై, ఖాతా తమ పేరిట పెట్టుకున్నారు. ఇక్కడ అది జరగలేదు.

పేరు లేకపోతే వచ్చే నష్టం ఏమిటో 2024 సెప్టెంబరులో విజయవాడ కళ్లారా చూసింది. బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీట మునిగాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లో మునిగిన ఇంటికి 25 వేల రూపాయలు, పై అంతస్తుల ఇళ్లకు 10 వేల రూపాయలు ప్రభుత్వం సహాయంగా ప్రకటించింది. దుకాణాలకు, చిన్న పరిశ్రమలకు వేరుగా సహాయం ప్రకటించింది. ఇప్పుడు ఆలోచించండి. ముందుగదిలో రెండు కుట్టు మిషన్లు, ఖాతాదారులు ఇచ్చిన పట్టు చీరలు, పెళ్లి జాకెట్లు తడిసి పాడైన సోదరి ఏ జాబితాలోకి వస్తుంది? ఇల్లుగా ఆమెకు స్థానం ఉంది. వ్యాపారంగా లేదు. ఎందుకంటే ఆమె వ్యాపారం ఏ కాగితం మీదా లేదు. మిషన్లు పోయాయి, ఇతరుల చీరలకు జవాబు చెప్పుకోవలసిన బాధ్యత మాత్రం మిగిలింది.

మరొక ప్రమాదాన్ని కూడా ప్రస్తావించక తప్పదు. అప్పు వేరు, వ్యాపారం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించినందుకు ఈ జిల్లా భారీ మూల్యం చెల్లించింది. వారం వారం వసూళ్ల ఒత్తిడిపై వచ్చిన ఫిర్యాదులతో 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం సూక్ష్మ రుణ సంస్థల శాఖలను దాదాపు యాభై మూసివేయించింది. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా ఆ సంక్షోభం ముదిరింది. సంపాదన తెచ్చే పని లేకుండా, ఒక అప్పు తీర్చడానికి మరొక అప్పు తెచ్చుకుంటే మహిళ యజమాని కాదు, ఖైదీ అవుతుంది. అందువల్ల “ముందు లోను తీసుకోండి” అని చెప్పే ఏ సలహానూ తొందరపడి స్వీకరించకండి. ముందు పని, తరువాత లెక్క, ఆ తరువాతే పెట్టుబడి.

ఇక చేయవలసిన పనుల గురించి కొన్ని సూచనలు.

మొదటిది, ఖాతా. మీ ఇంటి గుమ్మం వద్ద డబ్బు చెల్లించడానికి అతికించిన క్యూఆర్ కోడ్ ఎవరి బ్యాంకు ఖాతాతో ముడిపడి ఉందో ఇంటికి వెళ్లగానే చూడండి. భర్తదో, కుమారుడిదో అయితే మీ సంపాదన బ్యాంకు కంటికి వారి సంపాదనగానే కనబడుతుంది. రేపు మీరు ఏ సహాయానికి వెళ్లినా చూపడానికి ఏమీ ఉండదు. ఖాతాను మీ పేరిట మార్చడం ఇంట్లోవారి మీద అపనమ్మకం కాదు. ఇది లెక్క శుభ్రంగా ఉంచుకోవడం.

రెండవది, నమోదు. కేంద్ర ప్రభుత్వపు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలై నుంచి అమలులో ఉంది. ఇది పూర్తిగా ఉచితం. ఇంట్లో కుట్టు పని చేసేవారు, వంటకాలు అమ్మేవారు కూడా చేసుకోవచ్చు. ఆధార్, పాన్, ఫోను నంబరు ఉంటే చాలావరకు పని పూర్తవుతుంది. ఆహార పదార్థాలు అమ్మేవారు దీనితో పాటు ఆహార భద్రతా సంస్థ వద్ద కూడా పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు చేసుకున్నంత మాత్రాన అప్పు తీసుకోవాలని ఎవరూ బలవంతం చేయరు. కనుక వడ్డీకి దూరంగా ఉండదలచినవారు కూడా సందేహించనక్కరలేదు.

మూడవది, ధర. మీ శ్రమకు మీరే లెక్క కట్టండి. ఉదాహరణకు ఒక జాకెట్టుకు 300 రూపాయలు తీసుకుంటున్నారనుకుందాం. లైనింగు, దారం, హుక్కులు, కరెంటు కలిపి 90 రూపాయలు పోతే మిగిలేది 210. దానిపై నాలుగు గంటలు కూర్చుంటే గంటకు దక్కినది 52 రూపాయల 50 పైసలు. మిషను అరుగుదలను ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. ఈ లెక్క నోటు పుస్తకంలో రాసి ఉంటే, బేరమాడేవారితో మాట్లాడే ధైర్యం దానంతట అదే వస్తుంది. ఒక వీధిలో కుట్టే పదిమంది ఒకే ధరకు కట్టుబడితే ఆ ధైర్యం పది రెట్లవుతుంది.

నాలుగవది, సంఘం. పట్టణాలలో మెప్మా పరిధిలో స్వయం సహాయక సంఘాలు ఉన్నాయి. వడ్డీ విషయంలో అభ్యంతరం గలవారు వడ్డీ రహిత పరస్పర సహాయ సంఘాలను ఏర్పరచుకోవచ్చు. ఇతర చోట్ల అవి నడుస్తూనే ఉన్నాయి. ఏ రూపంలోనైనా సరే, ఒంటరిగా ఉండకండి. ఒక సోదరి కుట్టు బాగా తెలిసినవారు, మరొకరు లెక్కలు రాయగలవారు, ఇంకొకరు ఫోనులో ఆర్డర్లు తీసుకోగలవారు. ముగ్గురు కలిస్తే ఒక సంస్థ.

సోదరులకు, మస్జిద్ కమిటీల పెద్దలకు కూడా ఒక విన్నపం. రంజాన్‌లో జకాత్ సొమ్మును చిన్న మొత్తాలుగా పంచి చేతులు దులుపుకోవడం కన్నా, అర్హురాలైన ఒక వితంతువుకు కుట్టు మిషనో, పిండి మరో ఇప్పించి, ఏడాది పాటు ఆమె బాగోగులు కనుక్కుంటే ఎంతో మేలు. కొన్నేళ్లకు ఆమే జకాత్ ఇచ్చే స్థాయికి చేరాలన్నది మన లక్ష్యం కావాలి. మస్జిద్ ఆవరణలోనో, మదరసా గదిలోనో నెలకు ఒకరోజు చదువుకున్న యువతులు కూర్చుని, మహిళలకు ఖాతా, నమోదు, దరఖాస్తుల పనులు ఉచితంగా చేసిపెట్టవచ్చు. దీనికి నిధులు అవసరం లేదు, ఒక బల్ల, ఒక ఫోను, కాస్త ఓపిక చాలు.

హక్కుల ఉద్యమంలో ఉన్న మిత్రులు ఈ అంశాన్ని చిన్నదిగా చూడవద్దని మనవి. రిజర్వేషన్ల కోసం, బడ్జెట్టులో వాటా కోసం మనం పోరాడుతున్నాం, పోరాడాలి కూడా. కానీ ప్రభుత్వం ముందు నిలబడి “మాలో ఇంతమంది మహిళలు ఇంత ఉత్పత్తి చేస్తున్నారు, వారికి అందినది ఇంతే” అని చెప్పాలంటే మన చేతిలో లెక్క ఉండాలి. ఆ లెక్క ప్రతి ఇంటి ముందుగదిలో మొదలవుతుంది. నమోదైన ప్రతి పేరూ ఒక వినతిపత్రం కన్నా బలమైన సాక్ష్యం.

చివరగా, ఈ సభకు వచ్చిన యువతులకు ఒక మాట. మిమ్మల్ని రేపు ఎవరైనా ప్రేరణ ఎవరని అడిగితే, ముందుగదిలో మిషను తొక్కి మిమ్మల్ని చదివించిన అమ్మ పేరు నిస్సంకోచంగా చెప్పండి. అంతకన్నా ముందు ఆమె పేరును ఒక బ్యాంకు పాసు పుస్తకం మీద, ఒక నమోదు పత్రం మీద రాయించండి.

అల్లాహ్ మన శ్రమలో, ధర్మసమ్మతమైన మన సంపాదనలో శుభాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.